హాలే పట్టణమున రెండు శరత్తులు

మన నూజివీటి సీమలో శరదృతువు తోటలకు విశ్రాంతికాలము. వేసవి యంతయు రసాలు, బంగినపల్లులు, కలెక్టరు కాయలు మోసి యలసిన చెట్లు వానకాలమున చిగిర్చి, ఆశ్వయుజ కార్తికములలో ఊరక నిలిచియుండును. తెలిసిన రైతు ఆ నెలలలో చెట్టునకు నీరు పెట్టడు. పెట్టినచో ఆకు తొడుగునే కాని పూత రాదని వాని యనుభవము. పూత కనబడువరకు తోటలో చూడదగిన విశేష మేదియు లేదు. ఆకు మాత్రము రాలదు. ఊరిలోని చెట్లన్నియు నొక్క నెలలో బోడులగుట మేమెన్నడును చూచినవారము కాము. పిల్లలకు భూగోళము చెప్పునప్పుడు 'ఆకురాలు కాలము' అను మాటను నల్లబల్లమీద వ్రాసి, అర్థము చెప్పి, తరువాతి పాఠమునకు సాగిపోవుచుంటిమి.

అట్టి మేము కుటుంబముతో గూడ 2022, 2023 సంవత్సరముల శరత్కాలములను జర్మనీ దేశమున, జాలె నదీతీరమందలి హాలే పట్టణమున గడపితిమి. ఆ సంగతులు వ్రాయుడని పత్రికా సంపాదకులును, మా పదవ తరగతి విద్యార్థులును కోరియున్నారు. విద్యార్థులు నిజముగా కోరినది మంచును గూర్చి. మంచు హేమంతమునకు సంబంధించినది గనుక దానిని మరియొక సంచికకు విడిచితిమి.

మా గృహిణి రోగుల శుశ్రూషావృత్తి నవలంబించి పదునైదేండ్లు దాటినది. జర్మనీలో వృద్ధుల సంఖ్య పెరిగి, నర్సులు చాలక, అన్యదేశములనుండి పిలిపించుకొనుచున్న సంగతి నేడు మన ప్రాంతమున నెల్లరెరిగినదే. ఆమె విజయవాడలో ఒక యేడు జర్మను భాష నభ్యసించి, పరీక్ష గడచి, 2021లో ముందుగా వెళ్లెను. మేము వేతనము లేని సెలవు రెండేండ్లు పొంది, పదేండ్ల కుమార్తెను, ఆరేండ్ల కుమారుని వెంటబెట్టుకొని 2022 ఆగస్టులో ఆమెను చేరుకొంటిమి. మా అమ్మ రాలేదు. మూడెకరముల తోటను విడిచి వచ్చుట ఆమెకు సమ్మతము కాదు. మరీ బలవంతము చేయగా, "చెట్లకు కూడా పాసుపోర్టు ఇస్తారేమిటిరా?" అని యడిగి ఊరకుండెను. అక్కడ సంపాదించుట గృహిణి వంతు, వండుట మా వంతు అయ్యెను. ఈ మాట విని నూజివీట బంధువులు కొందరు నవ్విరని తెలిసినది. నవ్వవచ్చును, పప్పుచారు మాత్రము ఇప్పుడు మాకు బాగుగా కుదురును.

హాలే ఉప్పువలన ఏర్పడిన ఊరు. భూమిలోని ఉప్పునీటిని కాచి ఉప్పు దీయువారు హల్లోరులని పిలువబడుచు, ప్రత్యేక వేషధారణతో, ప్రత్యేక ఆచారములతో ఒక సంఘముగా నుండిరి. సంగీతజ్ఞుడు హాండెల్ 1685లో ఇచ్చటనే పుట్టెను. ఆయన విగ్రహము సంతవీధి నడుమ నిలిచియున్నది. ఆ వీధియందే నాలుగు గోపురముల దేవాలయము కలదు. మార్టిన్ లూథరు 1546లో మరణించినప్పుడు ఆయన ముఖమునుండి తీసిన అచ్చు అందు నేటికిని భద్రముగా నున్నది. లూథరు పుట్టిన ఐస్లేబెన్ పడమటి దిక్కున దగ్గరనే యున్నది. 1517లో ఆయన వాదము ప్రారంభమైన విట్టెన్‌బెర్గ్ రైలులో గంటకు లోపలి ప్రయాణము. అందుచే అక్టోబరు 31వ తేది సంస్కరణ దినము ఆ రాష్ట్రమున సెలవు.

అక్కడి శరత్తు మాకు బడితోనే మొదలైనది. మొదటి తరగతిలో చేరు పిల్లలకు తలిదండ్రులు ఒక పెద్ద అట్టపొట్లమును చేతికిత్తురు. దానికి చక్కెర పొట్లమని పేరు. మన సంతలో సెనగలు కట్టియిచ్చు పొట్లమువలెనే కొస సన్నగా నుండును కాని, నిలువునబెట్టిన బిడ్డ గడ్డము నందుకొనును. అందు మిఠాయిలు, పెన్సిళ్లు, రంగులు నింపి మూతి కట్టుదురు. ఆ దినమున తాతలు, అవ్వలు, మేనమామలు మంచి బట్టలు కట్టి బడికి వత్తురు. మన దేశమున బియ్యములో అక్షరము దిద్దించి పలకాబలపము లిచ్చుట ఎరిగిన మాకు ఈ యాచారము పరాయిదిగా తోచలేదు. చదువునకు పోవు బిడ్డను ఉత్తచేతులతో పంపరాదని రెండు దేశములవారును తలచిరి. మావాడు మాత్రము పొట్లము నడుగంట చూచినదాక లోపలికి పోనని మొండికేసెను.

సెప్టెంబరు చివర చెట్లు పసుపువన్నెకు తిరిగినవి. మొదట రెండు వారములు మిక్కిలి సొగసు. తరువాత గాలి వీచిన ప్రతి యుదయమున వాకిలి నిండ ఆకు. మా చిన్నవాడు అడ్డుకొని, చెట్లన్నియు చచ్చిపోవుచున్నవి, నాయనమ్మకు ఫోను చేసి నీళ్లు పెట్టుమని అడుగుదమా యనెను. పిల్లలు గుర్రపు చెస్ట్‌నట్ కాయలను ఏరి అగ్గిపుల్లలు గ్రుచ్చి బొమ్మలు చేయుదురు; మన పిల్లలు చింతపిక్కలతోను, మామిడి టెంకలతోను చేయు ఆటలు వారికిని తెలిసినచో సంతసింతురు. అక్టోబరులో బడికి రెండు వారములు సెలవు. వెనుకటి కాలమున పిల్లలు పొలములో బంగాళాదుంపలు త్రవ్వుటకై ఇచ్చిన సెలవుగాన, ముదుసలులు నేటికిని దానిని దుంపల సెలవనియే చెప్పుదురు. వేసవి సెలవులలో తోటకాపు కాయు మన విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక.

అక్టోబరు మొదటి ఆదివారము వారి కోత పండుగ. 2022లో అది 2వ తేదిన వచ్చెను. బలిపీఠము ముందు గుమ్మడికాయలు, ఆపిలు పండ్లు, ఉల్లిపాయలు, గోధుమ కంకుల మోపు, బండిచక్రమంత రొట్టె పేర్చియుండిరి. మేము ఏమి తీసికొని పోవలెను? మాకక్కడ సెంటు భూమి లేదు. అంగడిలో కొన్న దుంపలు తీసికొనిపోవుట మా గృహిణికి నచ్చలేదు. తుదకు మా అమ్మ పంపిన ఆవకాయలోనుండి ఒక సీసా తీసి, మూతకు గుడ్డ కట్టి, గుమ్మడికాయల నడుమ ఉంచితిమి. మా తోట కాయయే గదా! ఆరాధన ముగిసిన పిమ్మట సంఘములోని వృద్ధ స్త్రీలు దాని చుట్టు జేరి, ఇది తేనెయా, పండ్ల మురబ్బాయా యని విచారించిరి. మేము కారమని హెచ్చరించుచుండగనే ఒకామె రొట్టెముక్కకు రాచి నోటవేసికొనెను. కన్నుల నీరు గారుచున్నను మర్యాద తప్పక, మిక్కిలి ఆసక్తికరముగా నున్నదని పలికెను. ఆ దేశమున ఆ మాటకు వేరర్థము కలదని తరువాత తెలిసినది.

మన సంఘములలో కోత పండుగ వరికోతల వెనుక వచ్చును. ధాన్యపు బస్తాలు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి, ఆరాధన ముగియగానే వేలము వేయుదురు. ఒక కోడి ధర దాని జన్మలో ఊహింపనంత పెరుగును; పోటీలో నవ్వులు, అలుకలు, పాత పగలు అన్నియు బయటపడును. అక్కడ వేలము లేదు. అర్పణలన్నిటిని పెట్టెలలో సర్ది, బీదలకు ఆహారము పంచు సంస్థకు పంపుదురు. అది శ్రేష్ఠమైన పద్ధతియే. అయినను ఆ దినమున ఇంటికి పోవు త్రోవలో, దేవాలయము ముంగిట గొంతెత్తి పాట పాడు మన సంఘపెద్ద ఒకరు జ్ఞప్తికి వచ్చి మాకు దిగులు కలిగెను. పండుగ అంతయు చూచితిమి; అది మాది మాత్రము కాదు.

అదే నెల 9వ తేదిన ఊరంతయు మరియొక సంగతిని స్మరించును. 2019 అక్టోబరు 9న, యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసదినమున, ఒక ముష్కరుడు ఆయుధములతో హాలేలోని వారి ప్రార్థనాలయముమీదికి వచ్చెను. లోపల యాభైమందికి మించి యుండిరి. గడియ వేసిన కొయ్య తలుపు వాని గుండ్లకు లొంగలేదు. వాడు వీధిలో పోవుచున్న ఒక స్త్రీని, సమీపమందలి భోజనపు అంగడిలో ఒక యువకుని చంపెను. 2020 డిసెంబరులో న్యాయస్థానము వానికి యావజ్జీవ శిక్ష విధించెను. గుండ్లు దిగిన ఆ తలుపు ఇప్పుడు స్మారకమునకు చేరినది. నవంబరు 9వ తేది 1938లో యూదుల మందిరములను కాల్చిన దినము. ఆ దినమున జనులు వీధులలో మోకరిల్లి, బలియైనవారి పేర్లు చెక్కిన చిన్న ఇత్తడి పలకలను తోమి మెరుగుపెట్టుదురు. మా కుమార్తె బడిపిల్లలతో గూడ పోయి ఒక పలకను తోమి వచ్చెను.

ఈ సంగతి వ్రాయుటకు కారణము కలదు. మా గృహిణి రాత్రివేళ పని ముగించుకొని ట్రాము దిగి ఒంటరిగా నడచి రావలెను. ఒక రాత్రి ట్రాములో ఒకడు ఆమెను తన దేశమునకు పొమ్మని కేకలు వేసెను. ఎదుటి బల్లమీది ముసలామె లేచి వచ్చి, ఆమె ప్రక్కన కూర్చుండి, మా వీధిదాక దిగి నడచి వచ్చి, తన పేరైనను చెప్పక మరల ట్రామెక్కెను. ఆ నెలలో మాకు నిద్ర తక్కువ. తలుపు గడియను రెండుమార్లు చూచుకొను అలవాటు నూజివీటికి వచ్చినను మమ్ము విడువలేదు.

ఇక మాకు మిక్కిలి ప్రియమైన తావును గూర్చి చెప్పవలెను. శిక్షణ కళాశాలలో విద్యాచరిత్ర చదువునప్పుడు ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అను పేరును పరీక్షకొరకు కంఠస్థము చేసియుంటిమి. ఆయన హాలే శివారున పాదిరిగా నుండి, చందాపెట్టెలో పడిన 4 థాలర్లు 16 గ్రోషెన్లతో 1695లో బీదపిల్లలకు బడి పెట్టెను. దానినుండి అనాథశాల, పాఠశాలలు, ఔషధశాల, ముద్రణాలయము, ఉపాధ్యాయ శిక్షణ అన్నియు పెరిగినవి. ఆ భవనములు నేటికిని నిలిచి, వానియందు నేటికిని పిల్లలు చదువుకొనుచున్నారు. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్ హాలే శిష్యుడే. బెంజమిన్ షుల్జె 1719లో తరంగంబాడి చేరి, 1726లో మదరాసునకు వచ్చి తెలుగు నేర్చెను. తెలుగున వ్యాకరణము వ్రాసెను, బైబిలు ననువదించెను. ఆయన జీవితకాలమున అవి అచ్చుగాలేదు. 1743లో స్వదేశమునకు మరలి, హాలేలో తెలుగు అక్షరములు పోయించి, 1746-47లలో కొన్ని చిన్న పుస్తకములు అచ్చొత్తించెను. లూథరు చిన్న ప్రశ్నోత్తరి అందులోనిది. తెలుగులో అచ్చైన పుస్తకములలో మొదటివిగా పండితులు వీనినే లెక్కింతురు. శ్రీరాంపురమున కేరీ తెలుగు వ్యాకరణము అచ్చగుట 1814లో. చూడుడు: మన యక్షరము అచ్చునకెక్కినది మన గడ్డమీద కాదు, మేము ఉల్లిపాయలు కొనుచున్న ఆ ఊరిలో!

2023 సెప్టెంబరులో ముందుగా వ్రాసి అనుమతి పొంది, కుమార్తెను వెంటబెట్టుకొని అచ్చటి గ్రంథాలయమునకు బోతిమి. ఈ పనికి ఒక కారణము లేకపోలేదు. ఏడాదిలో ఆమె జర్మను వాక్కు గలగల పారుచుండెను. తెలుగు మాటలలో జర్మను మాటలు బియ్యములో రాళ్లవలె తగులుచుండెను. నాయనమ్మకు వ్రాయు నాలుగు పంక్తులు ఆంగ్లాక్షరములకు మారినవి. మేము కోపపడితిమి, బుజ్జగించితిమి, మిఠాయి ఆశ చూపితిమి; ఫలము లేదు. గ్రంథాలయాధికారిణి పుస్తకమును మెత్తని దిండుమీద ఉంచి, చేతులు కడిగికొని రండని చెప్పెను. అక్షరములు నేటి కంటికి కొంత వింతగా నున్నవి. అమ్మాయి చాలసేపు మాటలాడలేదు. పిదప ఆ పుటలో తన పేరులోని అక్షరములు ఒక్కొక్కటిగా వెదకి, దొరికినదెల్ల చిన్నగా లెక్కపెట్టెను. అధికారిణి దగ్గరకు వచ్చి, నీవు దీనిని చదువగలవా యని జర్మనులో నడుగగా, తల యెత్తక "చదవగలను" అని తెలుగుననే ప్రత్యుత్తర మిచ్చెను. ఆ వారమున నాయనమ్మకు తెలుగున ఒక యుత్తరము వ్రాసి తపాలావేసినది. వత్తులు తప్పులు. మేము దిద్దలేదు.

అక్టోబరు కడపటి ఆదివారమున ఐరోపాలో గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. మనకును వారికిని నడుమ మూడున్నర గంటల భేదము ఆ దినమునుండి నాలుగున్నర యగును. నాయనమ్మ ఎనిమిదింటికే పండుకొనును. బడినుండి వచ్చి ఫోను చేయు పిల్లలకు ఆ గంటతో ఆమె మాట తప్పిపోవునని మొదటి యేట చింతించితిమి. రెండవ యేట గడియారము త్రిప్పుటకు మూడు దినములు ముందు, వేకువ జామున నూజివీటినుండి ఫోను వచ్చెను. మా అమ్మ నిద్రలోనే ప్రభువునందు నిద్రించినది.

నలుగురము వచ్చుటకు ధనమును చాలలేదు, గృహిణికి సెలవును దొరకలేదు. కుటుంబములో మేమొక్కరమే బయలుదేరి, మూడవనాడు ఇల్లు చేరునప్పటికి సమాధి కార్యము ముగిసినది. నవంబరు 2వ తేది సమాధుల పండుగకు అక్కడనే యుంటిమి. పాత సమాధులకు సున్నము కొట్టి, బంతిపూలు పరచి, క్రొవ్వొత్తులు వెలిగించిరి. అమ్మదింకను పచ్చిమట్టి, సున్నము నిలువదు. తోటలో చెట్లు నీరు లేక ఊరకయున్నవి. ఆమె బైబిలు తెరువగా మనుమరాలి యుత్తరము అందుండెను. తప్పులను ఎవరో పెన్సిలుతో దిద్దియుండిరి. మా అమ్మ అయిదవ తరగతి మాత్రము చదివినది. ఒకటి రెండు ఒప్పులను కూడ తప్పులుగా దిద్దియుండెను.

మరల హాలే చేరినది నవంబరు 10న. మరునాడు పరిశుద్ధ మార్టిను దినము. నాల్గవ శతాబ్దపు సైనికుడొకడు చలిలో వణకు బిచ్చగానికి తన యంగీని కత్తితో రెండుగా కోసి సగమిచ్చెనని గాథ. లూథరు 1483లో ఆ దినముననే బాప్తిస్మము పొందినందున మార్టిను అను పేరు వచ్చెను. సాయంకాలము పిల్లలు కాగితపు లాంతరులు కర్రకు గట్టి, పాడుచు వీధులవెంట పోవుదురు. ముందు గుర్రముమీద ఎఱ్ఱని యంగీతో ఒకరు. లాడాకారపు రొట్టెను ఇద్దరు విరిచి తినుట ఆచారము. మా పిల్లలు మమ్ము చూచి రెండు వారములైనది. చిన్నవాడు తన రొట్టెలో సగము విరిచి ఇచ్చి, "నాయనమ్మ ఏం తిన్నది నాన్నా, చివరికి?" అని యడిగెను. పెరుగన్నమని చెప్పితిమి. అది నిజమే, ప్రక్కింటివారు చెప్పిరి.

ఆగమనకాలమునకు ముందటి ఆదివారమును వారు మృతుల ఆదివారమందురు. ప్రష్యా రాజు 1816లో దానిని నియమించెను. ఆ యేటిలో సంఘమున మరణించినవారి పేర్లు చదివి, ఒక్కొక్క పేరునకు దీపము వెలిగింతురు. 2023లో అది నవంబరు 26. మా సంఘమునకు గురువు ఒక స్త్రీ. మన యూళ్లలో పాస్టరమ్మగారనగా పాస్టరుగారి భార్య. అక్కడ ఆమెయే పాస్టరు. మేమడుగకయే ఆమె మా యింటికి వచ్చి, మీ తల్లిగారి పేరును చేర్చవచ్చునా యని యడిగెను. మా అమ్మ ఆ సంఘమున సభ్యురాలు కాదు, ఆ దేశమును చూడలేదు గదా యంటిమి. ఆమె ఆవకాయ మా బలిపీఠముమీద ఉండెను గదా యని పాస్టరుగారు పలికిరి. పేరులో ళకారము కలదు. ఆమె వంటయింటి బల్లవద్ద కూర్చుండి ఇరువదిమార్లు పలికెను. ళకారము లకారమే యగుచుండెను. మా కుమార్తె ఎదుట కూర్చుండి, నాలుకను వెనుకకు మడువవలెనని చూపెను. ఆ దినమున దేవాలయమున ముప్పది పేర్లకు పైగా చదివిరి. షుల్ట్సులు, మ్యూలరుల తరువాత మా అమ్మ పేరు. ఆమె ఒక్క నిమేషము నిలిచి, ఊపిరి పీల్చి, ళకారమును సరిగా పలికెను. మా గృహిణి దీపము వెలిగించెను. కోత పండుగనాడు పరాయివారమై కూర్చున్న ఆ బల్లమీదనే ఆ దినమున మేము ఇంటివారమై యుంటిమి.

మా సెలవు 2024 జూలైలో ముగిసెను. తోటను చూడవలెను, ఉద్యోగము విడువలేము. గృహిణి ఒప్పందము ఇంకను మిగిలియున్నది; కుమార్తెకు అచ్చటి ఉన్నత పాఠశాలలో చదువు కుదిరినది. ఎవరు ఎక్కడ నుండవలెనని నలుగురము వంటయింటి బల్లవద్ద కూర్చుండి అనేక రాత్రులు మాటలాడితిమి. అందరకు ఇష్టమైన విధము ఒక్కటియు దొరకలేదు. మేమును చిన్నవాడును వచ్చితిమి. వారిద్దరును అక్కడ నిలిచిరి. కుమార్తె ప్రతి ఆదివారము తెలుగున ఉత్తరము వ్రాయును; ఇప్పుడు దిద్దుట మా పని.

2024 నవంబరు 11న చిన్నవాడు పతంగి కాగితముతో లాంతరు చేసి, చీకటి పడగానే తోటలోనికి పోయెను. పాలికాపు పిల్లలు నలుగురు వెంట నడచిరి. జర్మను పాట వాడొక్కడే పాడుచుండ, తక్కినవారు చివరిమాట మాత్రము పట్టుకొని గొంతు కలుపుచుండిరి. ఎండుటాకుల క్రింద తేళ్లుండునని, చెప్పులు వేసికొని పొమ్మని మేము గట్టుమీదనుండి కేకవేసితిమి.